అభ్యంతరం ఉన్నవాళ్లు లేవండి

నేను కార్పొరేటర్‌నైంది రోడ్లు వేయించడానికి కాదు. ప్రచారంలో రోడ్లు, నల్లాలు, మోరీలు అన్నీ చెప్పాను, గడపగడపకూ తిరిగి దండాలు పెట్టాను. మనసులో ఉన్నది మాత్రం ఒక్కటే. మా వార్డు సభలో, ఇల్లు లేనివాళ్లకు సర్కారు ఇచ్చే ఇళ్ల జాబితా చదివే రోజు మైకు నా చేతిలో ఉండాలి, ఆ జాబితాలో రాయమల్లు పేరుండాలి.

ఏడేళ్ల కిందట మడికొండలో, ఇదే కమ్యూనిటీ హాల్లో, మా అమ్మ ఏసమ్మ పేరు చదివారు. మా సభల్లో పద్ధతి ఏమిటంటే, ఒక్కో పేరూ చదివి ‘అభ్యంతరం ఉన్నవాళ్లు లేవండి’ అంటారు. ఎవరూ లేవకపోతే ఆ పేరు ఖాయం. ఎవరైనా లేస్తే, ‘ఈమె తరఫున మాట్లాడేవాళ్లున్నారా’ అని మళ్లీ అడుగుతారు. అప్పుడూ ఎవరూ లేవకపోతే పేరు మీద గీత పడుతుంది. ఆ రోజు అమ్మ పేరు చదవగానే ఆటో నడిపే రాయమల్లు లేచాడు.

“ఆమెకు ఇల్లున్నది సార్. చర్చి కాంపౌండ్ల ఉంటలేదా?”

అది మా ఇల్లు కాదు. చర్చి ఊడ్చి, గంట కొట్టినందుకు అమ్మకు ఇచ్చిన గది. వాడకట్టుకంతా తెలుసు, రాయమల్లుకు ఇంకా బాగా తెలుసు. మా పేరు పోతే జాబితాలో కింద ఉన్న అతని తమ్ముడి ఇంటివాళ్ల పేరు పైకొస్తుంది, అంతే సంగతి. నేను లేస్తే, కుటుంబ సభ్యులు మాట్లాడకూడదని ఆఫీసర్ కూర్చోబెట్టాడు. హాల్లో ఉన్న ఆడవాళ్లలో సగం మందికి కాన్పులప్పుడు దవాఖానలో తోడున్నది అమ్మే. ఒక్కరూ లేవలేదు. అందరూ ఎవరి చెప్పులు వాళ్లు చూసుకున్నారు.

మరుసటి ఏడు ఆ గదిని కూల్చేశారు. రేకుల షెడ్డులో అద్దెకు చేరాం. మొదటి వానాకాలంలోనే అమ్మ నెమ్ముతో పోయింది. సమాధి దగ్గర అందరూ పాటలు పాడుతుంటే నేను పాడలేదు. రాయమల్లు కూడా వచ్చి మట్టి వేశాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

ఈసారి రాయమల్లు ఇల్లు వానలకు నిజంగానే కూలింది. మొగుడూ పెళ్లాలు బడి వెనక ప్లాస్టిక్ కవరు కట్టుకుని దాని కింద ఉంటున్నారు. జాలి పడాల్సిందే. నేను పడలేదు. రెండుసార్లు నా దగ్గరికొచ్చాడు.

“షారోన్ బిడ్డా, జర మా పేరు చూడు.”

“చూస్తాన మామా. నీ పేరే చూస్తాన,” అన్నాను.

చూశాను కూడా. ఆ ఇల్లు కూలినట్టు ఆఫీసు కాగితాల్లో ఇంకా ఎక్కలేదు. నంబరుంది, అతని పేరుంది. ఆ కాగితం నకలు తీసి పర్సులో పెట్టుకున్నాను. పొద్దున జాబితా రాగానే గబగబా వెతికాను. రాయమల్లు అన్న అక్షరాలు కనబడ్డాయి. ఇంకేమీ చూడలేదు.

సభ మొదలైంది. నేను చదువుతుంటే పక్కన వార్డు ఆఫీసర్ ప్రేమలత టిక్కు పెడుతోంది. ముప్పై ఒకటో పేరు దగ్గరికి వచ్చేసరికి పర్సులోంచి కాగితం తీసి పట్టుకున్నాను.

“సుగుణ, భర్త రాయమల్లు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేవండి.”

ఎవరూ లేవలేదు. నేనే లేచాను.

“నాకున్నది. ఆయనకు ఇల్లున్నది. ఇగో కాగితం.”

రాయమల్లు మొహం పాలిపోయింది. ఎవరి మాట ఎవరికి తిప్పి చెబుతున్నానో అతనికి అర్థమైంది. హాల్లో పాతవాళ్లకూ అర్థమైంది. ప్రేమలత కాగితం చూసి, తరఫున మాట్లాడేవాళ్లున్నారా అని అడిగింది. అందరూ మళ్లీ చెప్పులే చూసుకున్నారు. ఏడేళ్లు ఎదురుచూసిన నిమిషం అది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పుడు వెనక వరుసలోంచి సుగుణత్త లేచింది.

“ఇంటోళ్లు మాట్లాడొద్దమ్మా,” అంది ప్రేమలత.

“నేను ఆయన తరఫున మాట్లాడతలేను మేడం. అండ్ల రాసింది నా పేరు. ఇల్లు ఆడోళ్ల పేరు మీదనే ఇస్తాండ్లు గదా? కార్పొరేటర్ మేడం చెప్పింది నిజమే, ఆయనకు ఇల్లున్నది. కాగితం ఆయనది, తాళం ఆయనది. ఇరవై ఏండ్ల సంది తాగొచ్చినప్పుడల్లా ‘నా ఇంట్ల నుంచి ఎల్లు’ అనుడే. ఎన్నిసార్లు ఎల్లగొట్టిండో మీ అందరికీ ఎరుకే. నాకు ఇల్లు లేదు. గోడలు కూలకముందు గూడ లేదు.”

నాకు సిగ్గేసింది. పగంతా మొగుడి మీద పెట్టుకుని, పెళ్లాం పేరు మీద గీత పెట్టబోయాను. కానీ పగ చల్లారలేదు. దానికి ఇంకో దారి దొరికింది.

“రాయమల్లు మామా, ఇల్లు సుగుణత్త పేరు మీద వస్తది. ఆమె రమ్మంటేనే నువ్వు లోపలికి పోవాలె. అభ్యంతరముంటే చెప్పు.”

“లేదు బిడ్డా,” అన్నాడు నేల చూస్తూ.

“ఇటొచ్చి మైకుల చెప్పు.”

వచ్చాడు. మైకు పట్టుకున్నాడు. “సుగుణకు ఇల్లిచ్చుడుకు నాకు అభ్యంతరం లేదు.”

“వెనకోళ్లకు వినబడలే. ఇంకోసారి.”

మళ్లీ చెప్పాడు. మా అమ్మకు ఆ రోజు కావలసినవి ‘అభ్యంతరం లేదు’ అన్న ఆ రెండు ముక్కలే. వాటిని అతని నోటితోనే రెండుసార్లు పలికించాను. నా కడుపు నిండింది, అబద్ధమెందుకు చెప్పాలి? ప్రేమలత టిక్కు పెట్టింది. ఏడేళ్ల కిందట నోరు మెదపని జనమే చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక కుర్చీలు సర్దుతుంటే సుగుణత్త నా దగ్గరికొచ్చింది. థాంక్స్ చెబుతుందేమో అనుకున్నాను.

“బిడ్డా, నా పేరు కొట్టేద్దామనే వచ్చినవు గదా?”

“ఆయన పేరనుకున్న అత్తా. పగ ఆయన మీద. నీ మీద కాదు.”

“ఎందుకు కాదు?” అంది. “మీ అమ్మ పేరు కొట్టేసిననాడు నేను ఆయన పక్కపొంటే కూసున్న. లేద్దామని చీర గూడ సర్దుకున్న. లేస్తే ఇంట్లకు రానియ్యడని మళ్ల కూసున్న. నా మీద గూడ పెట్టుకో బిడ్డా. మీ అమ్మ గా రోజు ఆయన దిక్కు చూడలే. నా దిక్కే చూసింది.”