పోదనూరు గోడ, అన్నూరు ఫోను

కోయంబత్తూరు పక్క పోదనూరులో, రైల్వే కాలనీ దాటినాక ఇరుళప్పన్‌కు ఒక అంబులెన్సు ఆఫీసు ఉంది. అక్కడి కంప్యూటర్లూ ఫోన్లూ చూసుకునేది తేన్మొళి. ఇద్దరిళ్లలోనూ తెలుగే. బయటికొస్తే తమిళం, ఆఫీసులో రెండూ కలగలుపు.

పగటిపూట ఫోన్లు ఎత్తేది కన్నమ్మాళ్. ఆమె కాలు విరిగి అన్నూరులో ఇంటిపట్టునే ఉండాల్సి రావడంతో, తేన్మొళి ఆఫీసు ఫోనొకటి తీసుకెళ్లి ఆమె ఇంటి ఇంటర్నెట్‌కు తగిలించింది. ఆఫీసు నంబరుకు ఎవరు చేసినా అది అన్నూరులో మోగేది. కన్నమ్మాళ్ ఊరూ పేరూ అడిగి డ్రైవరును పంపేది.

కొన్నాళ్లు బాగానే జరిగింది. ఆ తర్వాత ఫోను ఉత్తపుణ్యానికి మోగడం మొదలెట్టింది. ఎత్తితే అవతల ఎవరూ ఉండరు. పెట్టేస్తే మళ్లీ మోగుతుంది.

"నేను ఈ దయ్యంతో అల్లో అల్లో అంటా ఉంటే, నిజంగా ఆపదలో ఉండేవాళ్లకు ఏమి గతి కణ్ణు?" అంది కన్నమ్మాళ్. తేన్మొళిని ఆమె ముద్దుగా అట్లానే పిలిచేది.

తేన్మొళి ఆ మాట ఇరుళప్పన్ చెవిన వేసింది.

"ఫైర్‌వాల్ పెట్టుండాము కదమ్మా. దాన్నే ఇంకొంచెం బిగించు," అన్నాడాయన. ఫైర్‌వాల్ అంటే ఆయన లెక్కలో ఆఫీసు చుట్టూ కట్టిన గోడ. ఎత్తు పెంచితే దొంగ రాడు.

తేన్మొళి బిగించింది. కన్నమ్మాళ్ ఇంటి ఇంటర్నెట్ చిరునామాకు తప్ప ఇంకెవరికీ లోపలికి దారి లేకుండా చేసింది. ఇళ్ల చిరునామాలు నిలకడగా ఉండవనీ, కరెంటు పోయొస్తే మారిపోవచ్చనీ ఆమెకు తెలుసు. మారినప్పుడు చూసుకుందాంలే అనుకుంది.

ఆ వారంలోనే ఒక పొద్దున అన్నూరులో కరెంటు పోయి వచ్చింది. చిరునామా మారింది. కన్నమ్మాళ్ ఫోను పరాయిదై పోయింది, ఫైర్‌వాల్ దాన్ని రానివ్వలేదు.

అదే పొద్దున అన్నూరు పక్క పల్లెలో గురుసామి అనే రైతు భార్య పాప్పాత్తికి ఊపిరాడలేదు. ఆయన ఆఫీసు నంబరుకు చేశాడు. చేసిన ప్రతిసారీ బిజీ అనే వచ్చింది. చివరికి పక్కింటివాళ్ల పాల వ్యానులో ఆమెను పడుకోబెట్టి కోయంబత్తూరు ఆస్పత్రికి తెచ్చాడు.

మర్నాడు ఆయన ఫ్లాస్కు చేతబట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. గొంతు పెంచలేదు.

"చేసి చేసి చూస్తిని. ఇక్కడ ఎవురూ ఉండరా?"

ఇరుళప్పన్ నెట్‌వర్కు అంటూ ఏదో మొదలుపెట్టాడు. తేన్మొళి అడ్డొచ్చింది.

"ఉండారు అన్నా. ఫోన్లు ఎత్తే ఆయమ్మకు మీ కాల్ చేరలేదు. నేను చేసిన మార్పు వల్లనే."

గురుసామి ఆమె మొహం చూశాడు. "సరి," అన్నాడు. పాప్పాత్తి ఇంకా ఐసీయూలోనే ఉందని చెప్పి, కాఫీ పోయించుకోవాలని వెళ్లిపోయాడు.

తేన్మొళి బస్సెక్కి అన్నూరు పోయింది.

"నిన్నటినుంచి దయ్యం పీడ వదిలింది కణ్ణు," అంటూ కన్నమ్మాళ్ కర్ర ఊతంతో ఎదురొచ్చింది. ఫోను తెరమీద చిన్న అడ్డగుర్తు ఉంది. ఆఫీసుతో సంబంధం తెగిందని దానర్థం. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. తేన్మొళి ఇప్పుడు చెప్పింది, గురుసామి సంగతీ చెప్పింది. కన్నమ్మాళ్ మంచం మీద కూలబడింది.

"ఆయమ్మ బతికుండాదా?"

"ఉండాది అక్కా."

తేన్మొళి ల్యాప్‌టాప్ తెరుస్తుండగానే ఫోను మోగింది. ఎత్తింది. ఎవరూ లేరు.

ఆఫీసుతో తెగిపోయిన ఫోను ఎలా మోగుతుంది? రిసీవరు చేతిలో పట్టుకునే ఆమె ల్యాప్‌టాప్‌లో ఆ ఇంటి రౌటరు సెట్టింగులు తెరిచి చూసింది. ఆ దయ్యపు కాల్స్ ఏనాడూ పోదనూరు మీదుగా రాలేదు. ఇంటర్నెట్ పెట్టిన మనిషి రౌటరులో దారి బార్లా తెరిచి వదిలేశాడు. ఎక్కడివాళ్లో నేరుగా ఈ ఫోను తలుపే తడుతున్నారు. చిరునామా మారాక దాన్ని మళ్లీ వెతికి పట్టుకోవడానికే వాళ్లకు ఒక రోజు పట్టింది. తను అక్కడ పెంచిన గోడ దొంగకు అడ్డు పడలేదు, పాప్పాత్తికి పడింది.

ఆ సాయంత్రానికల్లా రౌటరులో దారి మూసింది. ఆఫీసు నుంచి వచ్చేవి తప్ప వేరే కాల్స్ తీసుకోవద్దని ఫోనుకే నేర్పింది. చిరునామా ఏదైనా సరే, ఫోను తన పాస్‌వర్డు తాళంతో ఆఫీసుకు చేరేటట్టు వేరే దారి వేసింది. అది పలక్కపోతే కాల్ డ్రైవరు భూపతి సెల్లుకు పోయేటట్టు పెట్టింది.

"అయితే ఇంక భయం లేదు కదా?" అన్నాడు ఇరుళప్పన్.

"తగ్గింది అన్నా. లేదని చెప్పలేను. మన ఫైర్‌వాల్ మన గుమ్మం వరకే. ఆయమ్మ ఇంట్లో ఏం జరిగేదీ దానికి తెలీదు."

"ముందే చెప్పుంటే బాగుండు."

"చెప్పుండాల."

పాప్పాత్తి ఇంటికొచ్చాక, కన్నమ్మాళ్ పట్టుబట్టడంతో తేన్మొళీ ఆమే భూపతి బండిలో చూడబోయారు. దారి పొడుగునా ఏం చెప్పాలో కన్నమ్మాళ్ కూడబలుక్కుంటూనే ఉంది. తీరా చూస్తే పాప్పాత్తే ముందు, "నీ కాలు ఎట్లుండాది?" అని అడిగింది. కన్నమ్మాళ్ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది.

గురుసామి భూపతి సెల్లు నంబరు అడిగి, బొగ్గుముక్కతో తలుపు పక్క గోడమీద రాసుకున్నాడు.

"మా నంబరుకు ఇంక చెయ్యరా అన్నా?" అంది తేన్మొళి.

"చేస్తానమ్మా. మీరు ఎత్తకుంటే ఈయనకు."

ఎత్తకపోతే ఆ కాల్ దానంతటదే భూపతికి పోతుందని చెప్పబోయి ఆమె ఊరుకుంది. గురుసామి చివరి అంకెను సరిచూసుకుని మరోసారి దిద్దాడు.