జాముల్ సీసాలు

మా వాసవి జర్మనీ నుంచి వీడియో పంపితే ఇంట్లో అందరూ దాని కడుపు చూశారు. ఏడో నెల, బాగా కనిపిస్తోంది. నేను మాత్రం దాని మొగుడు సతీశ్ చేతిలో ఉన్న సంచి చూశాను. సంచి నిండా ఖాళీ సీసాలు.

అక్కడ సీసాలు పారేయడం కూడా పెద్ద తతంగమట. శుభ్రంగా కడగాలి, మూతలు తీసేయాలి, వీధి చివర పెట్టిన పెద్ద డబ్బాల దాకా మోసుకెళ్ళాలి. తెల్ల గాజుకి ఒక డబ్బా, ఆకుపచ్చకి ఒకటి, గోధుమ రంగుకి ఇంకొకటి. ఆదివారం మాత్రం వెయ్యకూడదు, చప్పుడైతే చుట్టుపక్కలవాళ్ళు ఊరుకోరట. "పెద్దమ్మా, దేఖో నా, రంగు రంగు అలగ్ అలగ్ వెయ్యాల," అని వాసవి నవ్వుతూ చెబుతోంది. సతీశ్ ఒక్కొక్కటే డబ్బాకున్న గుండ్రటి కన్నంలోంచి జారవిడుస్తున్నాడు. లోపల ఫెళ్ళున పగులుతున్నాయి. మా ఆయన నరసింగరావు అప్పుడే స్టీలు ప్లాంటు నుంచి వచ్చి టీ తాగుతున్నారు. "మన సుపేలా బజార్లో పాత సామాన్లు కొనే కబాడీవాడు ఊరికే ఇచ్చినా ఈ సీసాలు ముట్టుకోడు. అక్కడ సూడు ఎంత మర్యాదో," అని ఆయన మురిసిపోయారు.

మర్యాద సంగతి అలా ఉంచండి. ఆ సీసాలు ఎవరివో నేను గుర్తుపట్టాను. పొడుగాటి కాఫీపొడి సీసాలు, మెడ దగ్గర గోళ్ళరంగుతో ఎర్రచుక్క. జాముల్‌లో ఉండే నా చెల్లెలు లక్ష్మీకుమారివి. ఇరుగుపొరుగు ఇళ్ళకి వెళ్ళిన గిన్నెలు తారుమారు కాకుండా తన ఇంట్లో ప్రతిదానికీ ఆ చుక్క పెడుతుంది. సంచిలో ఉన్నవన్నీ చుక్క సీసాలే. నావి తేనె సీసాలు, పొట్టిగా లావుగా ఉంటాయి. వీడియో ఆపి, పెద్దది చేసి, కళ్ళజోడు తెచ్చుకుని మరీ వెతికాను. నాది ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఎండాకాలం చివర్లో సతీశ్ స్నేహితుడు ఒకడు రాయ్‌పూర్ నుంచి వెళ్తుంటే, అక్కచెల్లెళ్ళం ఇద్దరం ఎవరికి వాళ్ళం వాసవికి బెల్లం ఆవకాయ పంపించాం. ప్లాస్టిక్ డబ్బా అయితే నూనె వాసన వస్తుంది, గాజు సీసాల్లోనే పంపండి అని అదే చెప్పింది. నావి పగలకుండా పాత తువ్వాళ్ళు చుట్టి చుట్టి పంపాను. సీసా ఖాళీ అయితేనే కదా పారేసేది! అంటే లక్ష్మి ఆవకాయ ఊడ్చుకు తినేశారు, నాది అలమారలో అలాగే పడి ఉంది. నా కడుపు భగ్గుమంది. కుళ్ళు అంటారా, అనండి. కుళ్ళే.

ఎందుకు కుళ్ళుకోకూడదో చెప్పండి. వాసవి మా ఇద్దరి మధ్య పుట్టిన మణిమాల కూతురు. మణిమాల జ్వరంతో పోయేనాటికి పిల్లకి పదేళ్ళు. తండ్రి ఇంకో పెళ్ళి చేసుకుని కోర్బా వెళ్ళిపోతే, సెక్టర్ 7 ప్లాంటు క్వార్టర్‌లో నా దగ్గర పెరిగింది. జడ వేసింది నేను, స్కూలుకి పంపింది నేను, లెక్కలు తప్పితే వీపు మీద ఒకటిచ్చింది నేను, జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నదీ నేనే. లక్ష్మి ఏం చేసింది? సెలవు రోజున జాముల్ తీసుకుపోయి, మేడ మీద కూర్చోబెట్టి, జామకాయలకి ఉప్పూకారం రాసి పెట్టి, ముద్దులాడి పంపించేది. పిల్ల తిరిగొచ్చి, "పిన్ని నన్ను ఒక్కమాట అనదు," అనేది. ఎందుకంటుందమ్మా, పరీక్ష తప్పితే హెడ్‌మిస్ట్రెస్ ముందు నిలబడేది నేను కదా!

ఇప్పుడు పురుడు వస్తోంది. వాళ్ళ ఇల్లు చిన్నది, ఒక్కరినే పిలిపించుకోగలరు. పెద్దమ్మనా, పిన్నినా, ఆలోచించుకుని చెబుతామన్నారు. ఆలోచించడానికి ఏముంది దీంట్లో! నేను అప్పుడే రాయ్‌పూర్ వెళ్ళి పాస్‌పోర్టు కూడా చేయించుకున్నాను. ఆ బిడ్డని మొదట ఎత్తుకునే చేతులు నావి కావాలి. నాకు పిల్లలు లేరు. ఇంతకంటే ఏం చెప్పను?

మర్నాడు మా ఆయన డ్యూటీకి వెళ్ళబోతూ నేను చీర మార్చుకోవడం చూశారు.

"ఎక్కడికే, ఇంత పొద్దున్నే?"

"జాముల్."

"ఏటి, ఆ సీసాల గురించేనా? ఒలే కనకం, గాజుముక్కల కోసం సొంత చెల్లితో దెబ్బలాటేటే?"

"దెబ్బలాటకి కాదండీ, సూసి రావడానికే," అన్నాను. అబద్ధం. సుపేలా వరకు ఒక ఆటో, అక్కడి నుంచి ఇంకో ఆటో. దారంతా ఏమేం అడగాలో వరసగా అనుకుంటూ వెళ్ళాను. ఏం వేస్తోందది ఆ ఆవకాయలో? నాకు తెలియకుండా మా అమ్మ దగ్గర ఏమైనా నేర్చుకుందా? లేకపోతే పిల్లకి ఫోన్లు చేసి, "నాదే ముందు తినమ్మా" అని చెప్పిందా? చెప్పే ఉంటుంది. మెత్తగా మాట్లాడేవాళ్ళని అసలు నమ్మకూడదు.

లక్ష్మి వాకిట్లో ఉతికిన బట్టలు దులుపుతోంది. సిమెంటు ఫ్యాక్టరీ పక్క ఊరు, ఆరేసిన బట్ట మీద కూడా బూడిదరంగు పొర దిగుతుంది. నన్ను చూడగానే దాని మొహం ఇంత అయింది.

"ఒలమ్మో, అక్కా! సెప్పాపెట్టకుండా వచ్చీసినావేటి? రా, రా. ఆయన ఇప్పుడే సైటుకెళ్ళినారు." ఆయనంటే మా మరిది ధర్మయ్య, ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని.

"వాసవి వీడియో చూశావా?" అన్నాను, గుమ్మంలోనే.

"సూసినాను. కడుపు కిందకి దిగింది, ఆడపిల్లేనేమో."

"సీసాలు చూశావా?"

లక్ష్మి చేతిలో ఉన్న బట్ట మళ్ళీ దులిపింది. దులిపిందే దులిపింది. "సూసినాను," అంది.

"అన్నీ నీవే. నాది ఒక్కటీ లేదు. ఏం వేశావే దాంట్లో?"

"ఏటేస్తానక్కా, అందరూ వేసీదే." మొహం తిప్పుకుంది. "టీ పెడతానుండు."

"టీ వద్దు. నీ ఆవకాయ తియ్యి, ఒక ముక్క రుచి చూస్తాను."

"అయిపోనాదక్కా."

అయిపోయిందట! సెప్టెంబరు నాటికి ఏడాది ఆవకాయ అయిపోయిందట! మనిషికి అబద్ధమైనా ఆడటం రావాలి. నేను తిన్నగా వంటింట్లోకి నడిచాను. అది "అక్కా, అక్కా" అంటూ వెనకాలే వస్తోంది. గట్టు కింద జాడీ ఒకటే ఉంది. అది నా జాడీ. మే నెలలో వాళ్ళ ఇంట్లోకని నేను పెట్టిచ్చిన బెల్లం ఆవకాయ జాడీ. మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నా చేతి ఆవకాయ నాకు తెలియదా?

"ఇది నాది. నీదేదే?"

లక్ష్మి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. "నాది బూజు పట్టీసిందక్కా. బెల్లం ఆవకాయ ఎండలో పెట్టాలి కదా? ఇక్కడ మేడ మీద పెడితే సిమెంటు దుమ్ము. మూత పెడితే ఎండ తగలదు. ఈ యేడే కాదు, ప్రతి యేడూ అంతే. పారబోస్తన్నాను." గొంతు చిన్నదైపోయింది. "పిల్లకి ఏటీ పంపకపోతే బాగోదని నీది నా సీసాల్లోకి తీసి పంపీసినాను. నీతో అంటే నవ్వుతావని సెప్పనేదు."

నవ్వుతానా? ఎగిరి గంతేశాను! ఆ వంటింట్లోనే, ఈ వయసులో. చుక్క సీసాల్లోది నాది. వాసవి ఊడ్చుకు తిన్నది నాది. అప్పటిదాకా కడుపులో ఉన్న మంటంతా ఒక్కసారి చల్లారింది. పాపం లక్ష్మి అని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు. అక్కడికక్కడే వాసవికి ఫోను కలిపాను. లక్ష్మి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా, దానికి సెప్పకు. నా పరువు పోద్ది."

"ఉండవే," అని విదిలించుకున్నాను.

వాసవి లేచి ఎంతోసేపు కానట్టుంది, జుట్టు ముడి వేసుకుంటూ ఫోనెత్తింది. "అరే వాహ్, ఇద్దరూ ఒక్కచోటే! ఏటి పెద్దమ్మా, జాముల్ వెళ్ళావా?"

"నా సీసాలు ఏం చేశావే?" అన్నాను, నవ్వుతూనే. "నిన్న డబ్బాలో నావి కనబడలేదు."

పిల్ల కొంచెం తడబడింది. "ఉన్నాయి పెద్దమ్మా. అలమారలో రఖీ హై. ఒకటి తెరిచాం కూడా."

"మరి?"

"నువ్వేమీ అనుకోకు, బురా మత్ మాన్‌నా, హా?" అంది. "పిన్నిది తియ్యగా ఉంటాది. అది తింటుంటే జాముల్ మేడ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టుంటాది. నీది కూడా బాగుంటాది, కానీ నీది తింటే..." పకపకా నవ్వింది. "హోంవర్క్ చేశానా లేదా అని భయమేస్తాది! సచ్చీ, సతీశ్‌ని అడుగు."

పక్కనుంచి సతీశ్ కూడా నవ్వాడు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరికీ నేనంటే ఇష్టమే. నేనూ నవ్వాను. మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ లోపల ఏం జరుగుతోందో నాకే తెలియడం లేదు. ఒకే చెట్టు కాయ, ఒకే గానుగ నూనె, ఒకే బెల్లం, కలిపిన చెయ్యి ఒకటి. దాని సీసాలో పోస్తే తియ్యగా ఉంది. నా సీసాలో పోస్తే భయమేస్తోంది.

మాట నాలుక చివర దాకా వచ్చింది. "ఒసే పిచ్చిదానా, రెండూ నేను పెట్టినవేనే!" ఇంత చిన్న మాట. అంటే వాసవి నోరు తెరుస్తుంది, లక్ష్మి తల దించుకుంటుంది, టికెట్టు నాకే వస్తుందేమో. లక్ష్మి ఫోనుకి కనిపించకుండా పక్కకి జరిగి, రెండు చేతులూ జోడించి నా వైపు చూస్తోంది.

"పెద్దమ్మా," అని వాసవి గొంతు సవరించుకుంది. "టికెట్ గురించి మేమిద్దరం అనుకున్నాం. ఎలా చెప్పాలో సమజ్ కావట్లేదు. నీకు కోపమొస్తాదని..."

ఆ మిగతా మాట దాని నోట వినడం నా వల్ల కాదు.

"పిన్నిని పంపిస్తాను," అన్నాను. "నాకు ఇక్కడ ఎక్కడ తీరుతుంది? మీ పెదనాన్నకి డ్యూటీలు, మోకాళ్ళ నొప్పులు. అదే వస్తుంది. నీకు అదే మంచిది, ఒక్కమాట అనదు."

"సచ్ మే? కోపం లేదు కదా?" పిల్ల మొహం ఎంత విప్పారిందో చూశాను. అంత సంతోషం దాచుకోవడం దానికి రాలేదు. చిన్నప్పుడు శనివారం మధ్యాహ్నం జాముల్ సంచి సర్దుకునేటప్పుడూ అంతే.

ఫోను పెట్టేశాక లక్ష్మి నా రెండు చేతులూ పట్టుకుని బోరుమంది. "అక్కా, ఒక్కమాట సెప్పీస్తే నువ్వే ఎల్దువు. నా పరువు కాసినావు. ఇంత మనసు నీదని నేననుకోనేదు," అంటూ నా చేతుల మీదే ఏడుస్తోంది. నేను దాని తల నిమిరాను. నా లోపల ఇంకా మండుతూనే ఉంది, దాని ఏడుపు చూస్తుంటే ఇంకా ఎక్కువ మండింది.

నేను కాపాడుకున్నది దాని పరువు కాదు, నాది. రెండు సీసాల్లోదీ నా చేతి ఆవకాయే అని చెబితే, వాసవికి నచ్చనిది ఆవకాయ కాదని వాసవికి తెలిసిపోతుంది. ఇప్పటికి అది నాకొక్కదానికే తెలుసు.