బావ చదివిన దారి

తేపా నా జట్టులో ముందు పరిగెత్తే కుక్క. మా యూపిక్ భాషలో తేపా అంటే మాగబెట్టిన చేప తలకాయలు. కూనగా ఉన్నప్పుడు మా అమ్మ పాతిపెట్టిన తలకాయల గోతిలో దూకి, మూడు రోజులు ఇంటిల్లిపాదినీ కంపుతో చంపింది. అలా పడింది ఆ పేరు. ఆరేళ్లుగా గడ్డకట్టిన కస్కోక్విమ్ నది మీద అది ఎటు తిరిగితే మిగతా పది కుక్కలూ అటే. నేను అవి లాగే స్లెడ్ బండి వెనక నిలబడే మనిషిని, అంతే.

ఆ ఏడు స్లెడ్ పందెం రోజున ఎండ కాసింది. మంచు పైపైన మెత్తబడింది. మనకి హాయి, కుక్కలకి మాత్రం అది మండువేసవి. వాటికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుకుని చల్లబడాలి. అలాంటి రోజున మెల్లగా పోనిచ్చి, మధ్యమధ్యలో ఆపి చేప ఉడికించిన నీళ్లు తాగించాలి. ఈ సంగతి నాకు తెలియక కాదు. ముందు మా మేనత్త కొడుకు వాస్కా స్లెడ్ కనిపించింది. ఇరవై ఏళ్లలో ఒక్క పందెంలోనూ నేను వాణ్ణి దాటలేదు. ఆ రోజు దాటుతుంటే వాడు, "మెల్లగా బావా, నది ఎక్కడికీ పారిపోదు" అన్నాడు. నాకు ఒళ్లు మండి ఇంకా గట్టిగా తోలాను.

మధ్యాహ్నానికి నది వంపులో ఉన్న ఊరు చేరాను. అక్కడ ప్రతి జట్టూ నాలుగు గంటలు ఆగి తీరాలి. కుక్కలకి గడ్డి పరుస్తుంటే తేపా పక్కకి పోయి కూర్చుంది. మంచు మీద పడిన మూత్రం ముదురు గోధుమ రంగు. ఇటూ అటూ చూశాను. ఎవరూ లేరు. బూటుతో మంచు తోసి కప్పేశాను.

ఆ రంగుకి అర్థం కుక్కలు తోలే ప్రతివాడికీ తెలుసు. కానీ ఒకసారి పందెం నుంచి దింపిన కుక్కని మళ్లీ జట్టులో కట్టనివ్వరు. ముందున్న దారిలో మంచుగడ్డ మీదికి నీళ్లు ఉబికాయి, అందులోకి తేపా దిగితే తప్ప మిగతావి దిగవు. పడుకుంటే సర్దుకుంటుందిలే అనుకున్నాను. నిజానికి అనుకోలేదు, అలా అనుకోవాలని చూశాను.

కుక్కల డాక్టరు వెర్నా ఏటా సెలవు పెట్టుకుని ఈ పందేనికి వస్తుంది. అరవై దాటాయి, మోకాళ్లు నొప్పులు. అయినా గడ్డిలో మోకాళ్ల మీదే ఒక్కో కుక్క దగ్గరికీ పాకుతూ పోతుంది. తేపా మెడ మీద చర్మం పట్టి లాగి వదిలింది. గుండె చప్పుడు విన్నది. వెనక తొడలు నొక్కి కాసేపు ఆగింది.

"కండలు బిగుసుకున్నట్టున్నాయి యాకో. తిందా?"

"గిన్నె కూడా నాకేసింది."

"ఇవి చావబోతూ కూడా తింటాయి, దాన్ని నమ్మలేం. మూత్రం ఎలా పోస్తోంది?"

"మామూలుగానే, పసుప్పచ్చగా" అన్నాను.

ఆమె నా మాట నమ్మి తర్వాతి కుక్క దగ్గరికి జరిగింది. ఆ నమ్మడం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా వంగి గడ్డి సర్దుకుంటూ ఉండిపోయాను.

అరగంటకి వాస్కా వచ్చాడు. కుక్కల్ని కూడా విప్పకుండా, సూప్ పంచుతున్న ఆడవాళ్లూ మిగతా పోటీదార్లూ అందరూ వినేలా మొదలుపెట్టాడు.

"డాక్టరమ్మా, మా బావ చెయ్యి ఎంత పెద్దదయిందో చూశారా? వెనకొచ్చేవాళ్లం చలికి వణుకుతామని దారి పొడుగునా కాఫీ పోసుకుంటూ వచ్చాడు. నాలుగు చోట్ల చూశాను. రాన్రానూ చిక్కగా పోశాడు."

అందరూ నవ్వారు. నేను కప్పింది జానెడు మంచు. వెనకున్న దారంతా వాడు చదువుకుంటూ వచ్చాడు. మా వాళ్లలో బావ ఎగతాళి చేస్తే కోప్పడకూడదు. ఎవరి తప్పు వాళ్లకి చూపించే పని మా పెద్దలు బావలకే అప్పజెప్పారు.

వెర్నా మాత్రం నవ్వలేదు. లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఎక్కడ యాకో?"

నేనే బూటుతో మంచు తీసి చూపించాను.

"సెలైన్ సంచులు కడుపుకి ఆనించి వెచ్చబెట్టండి, ఇద్దరూ" అంది ఆమె. తేపా ముందుకాలి మీద జుట్టు గొరిగి సూది గుచ్చింది. నేనూ వాస్కా చొక్కాల కింద చెరో సంచీ పెట్టుకుని గడ్డిలో కూర్చున్నాం. మంచుముద్ద కడుపులో పెట్టుకున్నట్టు ఉంది.

"అలవికి మించి పరిగెత్తితే కండ విరిగిపోయి ఆ రసమంతా రక్తంలో కలుస్తుంది" అంది వెర్నా. "వడగట్టాల్సింది కిడ్నీలు. అవి పూడుకుపోయాయంటే నేను చేయగలిగింది ఏమీ ఉండదు. నీళ్లు ఎక్కించి కడగాలి, అంతే."

"బతుకుతుందా?"

"మళ్లీ మూత్రం పోస్తే, రంగు చూసి చెప్తాను."

"పోనీలే బావా" అన్నాడు వాస్కా, "ఇన్నాళ్లు పెంచిన పొట్ట ఇవాళ్టికి అక్కరకొచ్చింది."

వాడికి ఉన్నది నాలుగు గంటల విశ్రాంతి. కునుకు తీయకపోతే నది మీద తూలిపడతాడు. పోయి పడుకోమన్నాను. "నీ పొట్ట ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎలా" అని, ఇంకో సంచీ తీసి చొక్కాలో దోపుకున్నాడు. కుక్క తలమీద చెయ్యి వేసి అటు తిరిగి కూర్చున్నాను.

మూడో సంచీ సగమయ్యాక తేపా లేచింది. వెనక కాళ్లు కొయ్యల్లా వేసుకుంటూ నాలుగడుగులు పోయి కూర్చుంది. ముగ్గురం మెడలు చాచి చూశాం. ముందు లేత గోధుమ, ఆపైన పసుపు. వెర్నా కళ్లు తుడుచుకుంది. వాస్కా టోపీ తీసి, చర్చిలో వేసుకున్నట్టే శిలువ గుర్తు వేసుకున్నాడు. తర్వాత ఏమీ జరగనట్టు తన కుక్కల దగ్గరికి పోయి తాళ్లు తగిలించుకోవడం మొదలుపెట్టాడు.

తేపా లేకుండా ఆ నీళ్లు దాటలేను, నా పందెం అక్కడితో సరి. దింపిన కుక్కని అప్పగించే కాగితం తెచ్చింది వెర్నా. సంతకం నేను పెట్టాలి. చదివాను. "ముదురు రంగు మూత్రం. సమాచారం ఇచ్చినది: యజమాని."

"నేను చెప్పలేదు కదా డాక్టరమ్మా. అబద్ధమాడాను."

"మంచు తీసి చూపించింది నువ్వే కదా. నాకు అది చాలు."

అది నేను తీసుకోకూడని దయ. కింద నది మీద వాస్కా స్లెడ్ అప్పుడే వంపు తిరుగుతోంది, నిద్రలేని మనిషి ఒక్కడు. నేను పెన్సిలు తీసుకుని "యజమాని" అన్న మాట కొట్టేశాను. దాని పక్కన "మా బావ వాస్కా" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.