బేరానికి లొంగని మణికట్టు

ప్రొద్దుటూరులో మా చీరల అంగడికి బోర్డు మీద వేరే పేరుంది. జనం మాత్రం ‘విసురు అశ్వత్థనారాయణ అంగడి’ అనే అంటారు. మడత చీర కొస పట్టుకుని నేను ఒక్కసారి మణికట్టు ఆడిస్తే, కొంగు పోయి అంగట్లో పరిచిన పరుపు అవతలి అంచున పడేది. ఆ విసురు చూడటానికే పెండ్లివాళ్లు జమ్మలమడుగు నుంచి బస్సెక్కి వస్తారని నా నమ్మకం. ఎవరినీ అడిగి తెలుసుకున్నది మాత్రం కాదు.

అట్లాంటి మణికట్టుకు నొప్పి పట్టుకుంది. టీ గ్లాసు ఎత్తాలన్నా ప్రాణం పోయేది. చీరలు విసిరీ విసిరీ అరిగిందని, ఇది కళాకారులకు వచ్చే జబ్బని ఊరంతా చెప్పుకున్నాను. ఎముకల డాక్టరు అరుణకుమారి ఎక్స్‌రే చూసి ఆ గొప్ప కూడా లేకుండా చేసింది.

“చీరలు కాదప్పా. ఎప్పుడో పడి ఎముక విరగ్గొట్టుకున్నావు. అది సరిగా అతకలేదు. ఇప్పుడు కీలంతా అరిగి, ఎముకకు ఎముక రాసుకుంటాంది.”

వయసులో ఉన్నప్పుడు పులివెందుల రోడ్డు మీద, ఆగి ఉన్న ఎద్దులబండిని స్కూటర్‌తో గుద్దిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బండి కదలనైనా లేదు.

“ఆపరేషన్ చేసి, ప్లేటు వేసి కీలు అతికిస్తా. నొప్పి పోతుంది. వేళ్లు ఆడతాయి, అరచెయ్యి తిరుగుతుంది. మణికట్టు మాత్రం ఇంక వంగదు.”

విసురు పోతే అంగట్లో నన్ను ఎవరు చూస్తారు?

“అమ్మా, సగం అతికిస్తే?”

“నీ కీలుకు అది సరిపోదప్పా. అంతా అరిగిపోయింది.”

“పోనీ, పావు వంతు వంగేట్ల వదులు. నీ మాటా వద్దు, నా మాటా వద్దు.”

పక్కనున్న నా భార్య కృష్ణవేణమ్మ తల పట్టుకుంది. డాక్టరమ్మ నవ్వింది.

“నా పెండ్లి చీర మీ అంగట్లోనే తీసుకుంటిమి. ‘బేరం లేదు’ అని నీ తలకాయ పైననే రాసి ఉండె. మా అమ్మ ఎంత బతిమాలినా నువ్వు తగ్గలే.”

ఇంక బేరం ఆపి ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాను.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు. నొప్పి నిజంగానే పోయింది. కానీ మళ్లీ అంగట్లో కూర్చున్న రోజు అసలు పరీక్ష ఎదురైంది. మొదట వచ్చింది జమ్మలమడుగు షాహీదాబీ. వాళ్లింట్లో ఏ పెండ్లయినా బట్టలు మా దగ్గరే తీస్తారు. అలవాటుకొద్దీ చీర విసరబోయాను. చెయ్యి కర్రలా నిలబడింది, చీర నా ఒళ్లోనే పడింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఈమె లేచి పక్క అంగడికి పోవడం ఖాయమనుకుంటూ, రెండు చేతులతో ఒక్కో మడతా మెల్లగా విప్పాను.

ఆమె ముందుకు జరిగి అంచు మీద వేలు ఆనించి నింపాదిగా చూసింది. కొంగు తిరగేసింది. మళ్లీ అంచు దగ్గరికే వచ్చింది.

“ఏందమ్మా, నచ్చలేదా?”

“శానా బాగుందప్పా. ఇన్నేండ్ల నుంచి మీ అంగడికి వస్తాండా, చీర సరిగ్గా కనపడింది ఈ పొద్దే. ముందు నువ్వు ఇసిరితే, మొగానికి తగలకుండా తప్పుకునేదానికే సరిపోయేది.”

గల్లాపెట్టె దగ్గర కృష్ణవేణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

“ఇంకోటి చూపియ్యప్పా, ఇట్లనే” అంది షాహీదాబీ.