మేజోళ్ళ అట్టముక్క

నూట పన్నెండో బొమ్మ ముగించి బెరిల్ ఓల్డర్‌షా టీ కప్పు అందుకుంది. చల్లారిపోయింది. అయినా తాగింది, టీ పారబోయడం ఆమె ఇంటావంటా లేదు.

అరవై ఆరేళ్ళ మనిషి. పొట్టి వేళ్ళు, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు, మోచేతుల దగ్గర పోగులు లేచిన ఆకుపచ్చ స్వెటర్. అంతరిక్షంలో తిరిగే ఎక్స్‌రే దూరదర్శిని బొమ్మలు పంపుతుంది. వాటిలో కంప్యూటరు పట్టిన ప్రతి చుక్కనూ చూసి, నిజమైనదైతే ఉంచడం, దొంగదైతే ఇంటూ కొట్టడం ఆమె పని. అంతకుముందు ఇంగ్లండులోని ఈ లెస్టర్ ఊళ్ళోనే మేజోళ్ళ మిల్లులో జారిన కుట్లు పట్టుకునేది. "అక్కడ చిల్లులు, ఇక్కడ చుక్కలు. కుర్చీ మాత్రం ఇక్కడే మెత్తన," అనేది.

మిల్లు నుంచి ఒక్క అట్టముక్క తెచ్చుకుంది. మేజోళ్ళు నలగకుండా మడత లోపల పెట్టే అట్ట అది. మధ్యలో బఠాణీ గింజంత కన్నం కోసి, తెరకు ఆనించి చూసేది. పక్కన మెరిసే నక్షత్రాలు కంటిని మాయ చేయకుండా. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవారు, నెల తిరక్కుండానే అరువడిగేవారు.

ఇవాళ ఆమెకు ఆఖరి రోజు. నాలుగింటికి ఈ విడత చుక్కల జాబితా కూడా మూసేస్తారు. ఇంటూ పడ్డ చుక్క వంక ఇక ఏ శాస్త్రవేత్తా కన్నెత్తి చూడడు.

నూట పదమూడో బొమ్మ అంచున ఒక చుక్క. ఏడు కాంతికణాలు, అంతే. దానికి అప్పటికే ఇంటూ ఉంది. పాత ఇంటూలు కొత్త జాబితాలోకి వాటంతటవే వచ్చేస్తాయి. బెరిల్ ఆ ఇంటూ పడిన పన్నెండేళ్ళ కిందటి బొమ్మ తెరిచింది. అప్పుడు పక్క నక్షత్రం నుంచి సాగిన వెలుగు చార సరిగ్గా ఆ చుక్క మీదుగా పోయింది. చార మీద చుక్కలు సాధారణంగా దొంగవే. ఇప్పుడు దూరదర్శిని వేరే కోణంలో తిరిగి ఉంది. చార ఇంకో దిక్కుకు పోయింది. చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది.

పాత ఇంటూ పక్కన రెండు పొడి అక్షరాలు: బి.ఓ. ఆమె మొహం వేడెక్కింది. తన ఇంటూకి తిరుగులేదని ఇన్నేళ్ళూ చెప్పుకుంది మరి.

ఆ విభాగం పెద్ద ట్రాంటర్ తలుపులోంచి తొంగిచూశాడు. "బెరిల్ గారూ, కేకు కోద్దాం రండి. క్రీము కారిపోతోంది."

"ఆగు నాయనా. వెధవ పని చేశాను. పన్నెండేళ్ళ కిందట."

అతను వంగి చూశాడు. "ఏడు కణాలకా ఈ గొడవ? ఇంటూ తీయాలంటే తప్పెవరిదో రాసి సంతకం పెట్టాలి. పోయే రోజున పేరెందుకు చెడగొట్టుకుంటారు?"

"ఎంత దూరం నుంచి వచ్చాయో పాపం! గుమ్మం దాకా వచ్చినవాటిని దొంగలని తరిమేశాను."

ట్రాంటర్ గొణుగుతూనే అదే చోటికి మరో దూరదర్శిని తీసిన పటం తెరిచాడు. అక్కడా ఎర్రటి నలుసొకటి ఉంది. అతని గొంతు తగ్గింది. "క్వాసార్ కావచ్చండీ. నల్లబిలంలో పడబోయే వాయువు కాగి వెలగడం. అదే అయితే, ఈ వెలుగు బయల్దేరేటప్పటికి భూమే పుట్టలేదు."

"చూశావా మరి!" అంది బెరిల్. కాగితం మీద రాసింది: తప్పు నాది. చారను చూశాను, చుక్కను చూడలేదు. పూర్తి పేరుతో సంతకం పెట్టి ఇంటూ తీసేసింది. సిగ్గు వేసింది గానీ, అంతకన్నా ఎక్కువ సంతోషం వేసింది.

కేకు మీద క్రీముతో 'తప్పెరగని కన్ను' అని రాసి ఉంది. బెరిల్ కత్తితో 'తప్పెరగని' వరకూ గీకి, వేలికి తీసుకుని నాకేసింది. "ఇది నా వాటా. కన్ను మీరు తినండి." అందరూ కడుపుబ్బ నవ్వారు. కోటు బల్ల దగ్గరే మరిచానంటూ ఆమె ఒక్కతే వెనక్కి వెళ్ళింది. కాసేపటికి కిటికీలోంచి చూస్తే, గొడుగు వేసుకుని బస్టాపు వైపు నడుస్తోంది.

నాలుగింటికి జాబితా మూయడానికి ట్రాంటర్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. తెర మీద నాలుగు మూలలా టేపు వేసి అట్టముక్క అంటించి ఉంది. కన్నంలో ఆ చుక్క, అట్ట మూలన క్రీము అంటిన బొటనవేలి ముద్ర.