పదకొండో చప్పుడు

కీలుంగ్ రేవుపట్నం వానలో, ఇంటి మేడగదిలోనే వాన్‌రూ తన తొలి రాక్ ఆల్బమ్ రికార్డు చేసింది. ఇది బాగా రాకపోతే పాట మానేస్తానని ఇంట్లో చెప్పేసింది. తీరా వింటే చివరి పాటలో గొంతు వణికింది. పైగా కింద పూజగదిలో అమ్మమ్మ అమ్మవారిని ప్రశ్న అడుగుతూ నేలమీద వేసిన జంట చెక్కల చప్పుడు, పదకొండుసార్లు. అవి పడే తీరును బట్టే అమ్మవారు ఒప్పుకున్నదీ లేనిదీ తెలుస్తుంది.

"చెరిపేద్దామా?" అన్నాడు గిటారు వాయించే బోయీ. "మన అపస్వరాలు చాలవూ?"

వాన్‌రూ కిందికి దిగింది. "అన్నిసార్లు ఏమడిగావు అమ్మమ్మా?"

"నువ్వు పాట మానకుండా చూడమని. మాజు అమ్మవారు ఓ పట్టాన ఒప్పుకుందా! ఒప్పుకునేదాకా వేశాను."

"విసిగించి ఒప్పిస్తే అది అమ్మవారి మాటేనా?"

"ఏమోనే. నువ్వే విని చూడు."

మేడమీద పాట మళ్లీ పెట్టారు. వాన, గిటారు, చెక్కలు కలలోలా కలిసిపోయాయి. పదకొండో చప్పుడు తర్వాత గొంతు వణకడం మానింది.

"ఒక్కటీ చెరపకు" అంది వాన్‌రూ.