సభారత్నం షాపులో మూడు సైకిళ్ళు

శ్రీలంకలోని యాళ్పాణంలో, యుద్ధం ముదిరి పెట్రోలు చుక్క దొరకని ఆ రోజుల్లో యోగమలర్ ఇల్లు మూడు సైకిళ్ళ మీద నడిచేది. పెద్దాసుపత్రిలో ఆయా పనికి ఆమె లేడీస్ సైకిల్ మీద వెళ్ళేది. కూతురు సుబోదిని స్కూలుకి తొక్కేది మేనమామ వాడి వదిలేసిన పాతది. మూడోది భర్త కులసింగం పెద్ద సైకిలు. దాని సీటు మీదికి ఎక్కలేక కొడుకు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కుతూ, కట్టెలూ రేషన్ బియ్యమూ మోసుకొచ్చేవాడు.

కులసింగం లారీ డ్రైవరు. ఉల్లిపాయల లోడుతో వవునియా వైపు వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. పోయాడని ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు. అందుకని యోగమలర్ బొట్టు తీయలేదు, పండగలకి వెళ్ళడం మాత్రం మానేసింది. బొట్టు చూసి కొందరు నొసలు చిట్లించేవాళ్ళు, పండక్కి రాలేదని మరికొందరు మూతి విరిచేవాళ్ళు.

ఆ మూడు సైకిళ్ళకీ దిక్కు ఇణువిల్ కూడలిలో సభారత్నం షాపు. తాటాకు పందిరి, నీళ్ళ తొట్టి, గోడకి వేలాడే పాత టైర్లు, ముందొక బల్ల. చుట్టుపక్కల కొత్త సామాను వచ్చే దారే లేదు. ట్యూబు ముక్క కావాలన్నా, చైను లింకు కావాలన్నా సభారత్నం పాత డబ్బాలో చెయ్యి పెట్టి వెతికితేనే. పెద్ద పెద్ద మాస్టార్లు కూడా అతని ముందు నిలబడి, "సభా, కొంచెం మాది చూడవయ్యా" అని బతిమాలుకునేవాళ్ళు.

యోగమలర్ మాత్రం బతిమాలుకోనక్కర్లేదు. ఆమె కనిపిస్తే చాలు, చేతిలో ఉన్న సైకిలు పక్కన పెట్టేసేవాడు.

"మళ్ళీ పంచరా చెల్లెమ్మా? ఈ రోడ్లు అట్టా ఉన్నాయి. గుండుసూదులు మొలుస్తున్నాయి రోడ్ల మీద. కూర్చో, కూర్చో."

ఆమె బల్ల మీద కూర్చునేది. లోపలనుంచి అతని భార్య తవమణి కొబ్బరి చిప్పలో తాటిబెల్లం ముక్కా, గ్లాసులో పాలు లేని టీయూ తెచ్చి ఠక్కున పెట్టి వెళ్ళిపోయేది. ఆ ఠక్కుని యోగమలర్ మనసులో పెట్టుకోలేదు. ఆ మనిషి తీరే అంత అనుకుంది. సభారత్నం ట్యూబుని తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ, ఊరి కబుర్లు చెబుతూ మధ్యలో అనేవాడు, "కులసింగం వస్తాడమ్మా. మనసు చెబుతోంది నాకు." ఆ మాట ఆమెతో ఇంకెవరూ అనడం మానేశారు. అన్నదమ్ములు కూడా.

డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. దాంతో ఆమెకి సిగ్గుగా ఉండి, పెరట్లో కాసిన మునక్కాయలో, పిండివంటలో తీసుకెళ్ళేది. వారంలో ఏదో ఒక సైకిలు పడకేసేది. పడకేసిందంటే ఆమె ఆ బల్ల మీదే.

"అమ్మా, నా సైకిలు నేనే తీసుకెళ్తాగా" అని సుబోదిని అంటే, "నీకిస్తే వారం తిప్పుతాడు. నేనడిగితే అప్పుడే చేసిస్తాడు" అనేది. అది నిజమే.

ఒకనాడు పక్కింటి రాసమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"యోగా, పొన్నుదురై వచ్చాడంట! మీ ఆయనతో అదే లారీలో వెళ్ళాడే, క్లీనరు! చెల్లెలు పోతే కొడిగామం వచ్చాడంట. రేపు మధ్యాహ్నానికల్లా పడవెక్కి మళ్ళీ అవతలికి పోతాడంట. మా మరిది చెప్పాడు. నీ గురించి అడిగాడంట కూడా, రమ్మన్నాడంట!"

యోగమలర్ చేతిలో పిట్టు వండే గొట్టం అలాగే ఉండిపోయింది. తన గురించి అడిగాడంటే చెప్పడానికి ఏదో ఉన్నట్టేగా. మంచో చెడో, ఏదో ఒకటి. అంత దూరం తొక్కాలంటే సైకిలు గట్టిగా ఉండాలని, ఆ సాయంత్రమే షాపుకి తోసుకెళ్ళింది.

"అన్నా, రేపు కొడిగామం పోవాలి. ఆయన సంగతి తెలిసినవాడు వచ్చాడు. వెనక టైరు మళ్ళీ మెత్తగా ఉంది, కాస్త గట్టిగా చూడు. దారిలో ఆగిపోతే నా బతుకు ఆగిపోయినట్టే."

సభారత్నం మొహం ఒక్క క్షణం ఎలాగో అయింది. ఆమె దాన్ని తనమీద జాలి అనుకుంది. అతను టైరు ఒక పక్క ఎత్తి, ట్యూబు లాగి, అతుకు మీద అతుకు వేశాడు. ఆమె బల్ల మీద కూర్చోలేక అతని పక్కనే నిలబడి, అతని వేళ్ళ వంకే చూస్తూ ఉంది. గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసి, "పోయిరా చెల్లెమ్మా" అన్నాడు. గొంతులో ఉత్సాహం లేదు.

తెల్లారకముందే బయల్దేరింది. పుత్తూరు దాటి పొలాల మధ్య మట్టిరోడ్డు మీదికి వచ్చాక వెనక చక్రం నేలకి గీరుకుంటూ చప్పుడు చేసింది. దిగి చూస్తే గాలి మొత్తం పోయింది. దారిన పోయే ఒకాయన దగ్గర పంపు ఉంటే అడిగి కొట్టుకుంది. రెండు పొలాలు దాటేసరికి మళ్ళీ అంతే. ఇక ఎక్కలేదు. చీర పైకి దోపి, సైకిలు తోసుకుంటూ ఎండలో పరిగెత్తినంత పని చేసింది. సైకిలు అక్కడే పడేసి పోదామనుకుంది గానీ, అది లేకపోతే రేపు ఆసుపత్రికి ఎలా వెళ్ళేది?

ఆమె కొడిగామం చేరేసరికి చావింటి ముందు పందిరి విప్పుతున్నారు. ఒక ముసలమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది.

"పొన్నుదురైనా? ఇప్పుడే కదమ్మా వెళ్ళాడు. పడవల వాళ్ళు కబురు పెట్టారు, తొందరగా రమ్మని. ఇణువిల్ నుంచి ఒక ఆడమనిషి వస్తుంది, ఎదురుచూడాలి అన్నాడు. చూశాడు కూడా. ఎంతసేపని చూస్తాడు?"

"నాకేమైనా చెప్పమన్నాడా?"

"ఆమెకే చెప్పాలి అన్నాడమ్మా. మాకేం చెప్పలేదు."

యోగమలర్ ఆ మెట్ల మీదే కూలబడింది. ఎవరో నీళ్ళిచ్చారు. తాగిందో లేదో ఆమెకి గుర్తులేదు.

తిరిగి వచ్చే దారిలో సరసాలై దగ్గర చెట్టు కింద ఒక ముసలాయన సైకిళ్ళు బాగుచేస్తూ కనబడితే ఆగింది. అతను టైరు మొత్తం ఊడదీసి లోపల చెయ్యి తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేలి కొసన రక్తం.

"నీకెవరన్నా పగవాళ్ళున్నారా తల్లీ?"

"ఏం తాతా?"

టైరు తిరగేసి చూపించాడు. లోపల ఒక రబ్బరు ముక్క శుభ్రంగా సొల్యూషన్ పెట్టి అతికించి ఉంది. దాని కింద విరిగిన స్పోకు ముక్క. మొన మాత్రం చీమ తలంత బయటికి ఉంది.

"రోడ్డు మీద గుచ్చుకున్నదైతే బయటినుంచి లోపలికి వస్తుంది. దీన్ని లోపల పెట్టి అంటించారు. ఊళ్ళో తిరిగితే ట్యూబు నాలుగు రోజులు ఆగుద్ది. ఇంత దూరం ఎట్టా ఆగుద్ది?"

ఆమె ఆ స్పోకు ముక్కని పీకించి, ట్యూబుకి అతుకు వేయించుకుంది. ఆ ముక్కని చీర కొంగున ముడేసుకుంది. ఇంటికి వచ్చాక, పిల్లలు చూస్తుండగానే గరిటె కాడ పెట్టి కూతురి సైకిలు టైరు ఊడదీసింది. అందులోనూ రబ్బరు ముక్క, దాని కింద మొన. కులసింగం సైకిల్లోనూ అంతే. సుబోదిని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "సభా మామా?" అంది. తల్లి మూడు ముక్కలూ ఏరి ఒకచోట పెట్టింది.

పొద్దున్నే షాపు తెరిచీ తెరవకముందే వెళ్ళి మూడు ముక్కలూ అతని తొట్టి గట్టు మీద పెట్టింది. సభారత్నం వాటిని చూసి, ఎదురుగా రోడ్డు వంక చూశాడు. ఇంకా ఎవరూ లేరు.

"ఎందుకన్నా?"

అతను తొట్టిలో చేతులు కడుక్కున్నాడు. తర్వాత నేల చూస్తూ, "నువ్వు వస్తావనే" అన్నాడు. "వచ్చి కాసేపు కూర్చుంటావని. అంతకంటే వేరే పాపం నా మనసులో లేదు. కర్పూరం వెలిగించి చెప్పమన్నా చెబుతా."

"కొడిగామం అని చెప్పాను గదా! ఆయన సంగతి తెలుస్తుందని చెప్పాను గదా! అప్పుడైనా తీసెయ్యొచ్చుగా?"

"తీద్దామనే అనుకున్నా చెల్లెమ్మా. నువ్వు పక్కనే నిలబడ్డావు. నీ కళ్ళ ముందు ఎట్టా తీసేది?"

"చెల్లెమ్మా అనకు! ఆ నోటితో ఆ మాట అనకు!"

ఆమె గొంతు ఎంత పైకి లేచిందంటే, ఎదురుగా టీ కొట్టు తెరుస్తున్నవాడు వచ్చాడు, పాల డబ్బాల మనిషి దిగాడు, రేషన్ క్యూకి పోతున్నవాళ్ళు ఆగారు. లోపలనుంచి తవమణి జుట్టు ముడి వేసుకుంటూ వచ్చింది.

"ఏంటే పొద్దున్నే నా గుమ్మంలో అరుపులు? మొగుడు లేని కొంపలో కూర్చుని ఏడవక, నా మొగుడి మీద పడ్డావా? ఏ రోజు చూసినా ఈ బల్ల మీదే గదే నువ్వు! టీలు మోసి మోసి నా చేతులు పడిపోయాయి!"

యోగమలర్ ఆమె వంక చూడలేదు. సభారత్నం వంకే చూసింది. ఇప్పుడు చెబుతాడనుకుంది. సగమైనా చెబుతాడనుకుంది.

సభారత్నం గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చుట్టూ చేరిన మనుషుల్ని చూశాడు.

"నేను రమ్మన్నానా?" అన్నాడు, ఆమెతో కాదు, వాళ్ళతో. "ఆమే వచ్చేది. పంచరని ఒకరోజు, బ్రేకని ఒకరోజు. దిక్కులేని మనిషి, పాపమని ఊరుకున్నా. డబ్బులు కూడా తీసుకోలేదు. ఇంకా ఏదో ఆశించి, నేను లొంగలేదని ఇట్టా మేకులు ఏరుకొచ్చి రచ్చ చేస్తోంది."

టీ కొట్టువాడు నవ్వాడు. "డబ్బుల్లేకుండా ఎవరు చేస్తార్రా ఈ కాలంలో" అని ఎవరో అన్నారు. ఇంకొకరు, "బొట్టు చూడు, అదీ దాని కత" అన్నారు. స్పోకు ముక్కల్ని ఎవరూ చేతిలోకి తీసుకుని చూడలేదు. యోగమలర్ వాటిని తీసుకుని ఇంటికొచ్చేసింది.

తర్వాత ఆమె మూడు సైకిళ్ళనీ పక్కూరు సున్నాకం దాకా తోసుకెళ్ళి బాగుచేయించుకోవడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి ఆలస్యమై రెండుసార్లు మేట్రన్ చేత తిట్లు తింది. సుబోదినిని స్కూల్లో పిల్లలు "బల్ల కూతురు" అని పిలిచారు. రాసమ్మ గోడ మీదనుంచి మాట్లాడడం తగ్గించింది. పొన్నుదురై కబురు కోసం ఎంతమందిని అడిగినా, అతను ఎటు వెళ్ళాడో తెలిసినవాళ్ళు లేరు. పడవల దారిలో కాల్పులు పెరిగి ఎవరూ అటు పోవడమే మానేశారు.

సహకార సంఘం కొట్టు దగ్గర కిరసనాయిలు క్యూలో ఒకరోజు తవమణి ఆమె వెనకే నిలబడాల్సి వచ్చింది.  క్యూ కదిలినప్పుడు తవమణి గొంతు తగ్గించి అంది.

"నాకు తెలుసు. టైర్లలో పెట్టేది."

యోగమలర్ వెనక్కి తిరిగింది.

"నీకంటే ముందు కోండావిల్ టీచరమ్మ. ఆమె ఊరు వదిలి పోయింది. ఆ తర్వాత నువ్వు."

"తెలిసీ నన్నన్ని మాటలన్నావా? నలుగుర్లో?"

"ఆయన్ని అంటే నేనెక్కడ తినాలి? నిన్నంటే నువ్వు నీ ఇంటికి పోతావు. నేను ఆ ఇంటికే పోవాలి గదా." తవమణి సీసాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నడువు, నడువు. ముందుకి జరిగారు."

వానలు మొదలయ్యాక, సుబోదిని పరీక్షకి వెళ్తుంటే దారిలో సైకిలు చైను తెగింది. ఆ సాయంత్రం పిల్ల తడిసి ముద్దై సైకిలు తొక్కుకుంటూనే ఇంటికి వచ్చింది. చైనుకి కొత్త లింకు పడి ఉంది.

"ఎక్కడ వేయించావ్?"

సుబోదిని సైకిలు గోడకి ఆనించింది. "సభా మామ దగ్గర."

యోగమలర్ చెయ్యెత్తింది. పిల్ల వెనక్కి జరగలేదు.

"కొట్టు. ఎక్కడికి పొమ్మంటావు మరి? పరీక్ష మానేసి సున్నాకం దాకా తోసుకుపొమ్మంటావా? ఇక్కడ ఇంకో షాపుందా?"

ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. "ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. తలెత్తలేదు. డబ్బులిస్తే తీసుకున్నాడు."

పిల్ల బట్టలు మార్చుకోవడానికి లోపలికి పోయింది. యోగమలర్ వానలో చైను వంక చూస్తూ నిలబడింది. లింకు సరిగ్గా, బిగువుగా, చక్కగా కూర్చుని ఉంది. ఆ చక్కదనం చూస్తే ఆమెకి కడుపు మండిపోయింది.

మరుసటి వారం పెద్ద సైకిలు బ్రేకు పోయింది. కొడుకు, "సున్నాకం పోనా?" అని అడిగాడు. ఆమె పొయ్యి దగ్గరనుంచి లేవకుండానే, "వద్దు. కూడలికే పో" అంది. "డబ్బులు ఇచ్చే తిరిగి రా. చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడు."